కొండ కనబడితే పన్ను

మార్చి రెండో మంగళవారం పొద్దున డెల్ఫీన్ తిబో చిక్కుడు గింజల కుండని కారు ముందు సీటులో కూర్చోబెట్టి, దానికి బెల్టు కట్టింది. మేపుల్ పాకం పోసి, ఉప్పులో ఊరిన పంది మాంసం ముక్కలు వేసి, నిన్నంతా సన్నని సెగ మీద మగ్గించిన కుండ అది. ఊరి సభ రోజున మధ్యాహ్నం భోజనానికి ఎవరి వంట వాళ్ళు తెస్తారు. ఎవరి గిన్నె ముందు ఖాళీ అయిందో ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. ఈసారి ఆమెకు కుండ మీద ధ్యాస లేదు. స్వెట్టరు లోపల దారానికి కట్టి మెడలో వేసుకున్న ఉంగరం కదిలినప్పుడల్లా చల్లగా తగులుతోంది. అరవై ఒక్కేళ్ళ వయసులో, పెళ్ళయి తొమ్మిది వారాలు. పెళ్ళి జరిపించిన మనిషికి తప్ప ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. తలుచుకున్నప్పుడల్లా ఆమె తనలో తాను కిసుక్కున నవ్వుతోంది.

పెళ్ళికొడుకు ఓరిన్ వీలాక్. అరవై ఏడేళ్ళవాడు. టార్బెల్ ఊళ్ళో "కాదు" అన్న మాట వినబడితే జనం తల తిప్పకుండానే ఓరిన్ అనుకుంటారు. ముప్పై ఒక్కేళ్ళుగా సభలో వెనక నుంచి మూడో వరసలో, ఆవిరి గొట్టం పక్కన, అదే కుర్చీలో కూర్చుని, ఊరు ఖర్చు పెట్టబోయిన ప్రతి డాలరుకీ అడ్డుపడ్డాడు. మంచు తోసే కొత్త బండికి కాదన్నాడు. బడి కప్పుకి కాదన్నాడు. లైబ్రరీలో రెండో దీపానికి కూడా కాదన్నాడు. "పుస్తకాలు పగలు చదువుకోవచ్చు" అన్నాడు.

అతన్ని పూర్తిగా తప్పు పట్టడానికీ లేదు. న్యూ హాంప్‌షైర్‌లో సంపాదన మీద రాష్ట్రం పన్ను వేయదు. వాషింగ్టన్‌లో కేంద్రం వాళ్ళు తీసుకునేది వాళ్ళు తీసుకుంటారు గానీ రాష్ట్రం మాత్రం జీతం జోలికి రాదు. ఇరవై ఆరేళ్ళ కిందట డెల్ఫీన్ మాసాచుసెట్స్‌లోని లోవెల్ నుంచి సరిహద్దు దాటి వచ్చి, మొదటి జీతం కాగితంలో ఆ కోత లేకపోవడం చూసి వంటింట్లో గిరగిరా తిరిగింది. డిసెంబరులో ఇంటి పన్ను బిల్లు వచ్చింది. మెట్ల మీద కూలబడింది. సుద్దముక్క నుంచి మంచు బండి దాకా ఊళ్ళో ఏది కదలాలన్నా ఇళ్ళ మీదా నేల మీదా పడే పన్నే దిక్కు. అందుకే ఏటా మార్చిలో ఊరంతా ఒకే హాల్లో కూర్చుని ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటారు. అయినా సరే, సంపాదన మీద పన్ను వేస్తే పోదా అని ఎవడైనా నోరు జారాడా, అప్పటిదాకా కొట్టుకున్నవాళ్ళంతా ఏకమై వాడి మీద పడతారు. డెల్ఫీనూ పడుతుంది. ఆ గిరగిరా తిరిగిన రోజుని ఆమె ఇప్పటికీ వదులుకోదు.

ఇంకో సంగతి. ఇక్కడ కిటికీలోంచి కొండ కనబడితే ఇంటి విలువ పెరుగుతుంది, విలువతో పాటు పన్నూ పెరుగుతుంది. ఓరిన్ ఇంటి ముందు నిలబడితే వాగు, వాగు అవతల నాలుగిళ్ళు, వాటి వెనక కొండ. పన్ను అధికారి వచ్చి ఆ దృశ్యానికి వెల కట్టిన వారానికే ఓరిన్ ఇంటి ముందు ఇరవై రెండు పైన్ మొక్కలు వరసగా నాటాడు. పన్నెండేళ్ళకి కొండ మాయమైంది, పన్నూ తగ్గింది. "కొండ ఎక్కడికి పోతుంది? చూడాలనిపిస్తే లైబ్రరీ మెట్ల మీద నిలబడతా. అక్కడ ఊరికే కనిపిస్తుంది" అనేవాడు. అలాంటి మనిషి కిందటి అక్టోబరులో ఆ చెట్లన్నీ కొట్టేశాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. అడిగినవాళ్ళందరికీ "వంటచెరకు" అని ఒకే ముక్క చెప్పాడు. డెల్ఫీన్‌కీ అదే చెప్పాడు. ఆమె నమ్మింది.

ఇక గొడవంతా వంతెన దగ్గర ఉంది. వాగుకి ఇటు ఓరిన్ ఇల్లు, అటు డెల్ఫీన్ ఇల్లు. మూడేళ్ళ కిందట వంతెన మీద పలకలు కుళ్ళాయని, కింద ఇనప దూలాలు ఇక బండ్ల బరువు మోయలేవని రాష్ట్రం ఇంజనీరు అడ్డుకమ్మీలు పెట్టి మూయించాడు. నాలుగు వందల గజాల దారి పదకొండు మైళ్ళయింది. డెల్ఫీన్ బడి బస్సు నడుపుతుంది. అవతలి ఒడ్డున అయిదుగురు పిల్లల్ని ఎక్కించుకుని రోజూ ఊరు చుట్టూ ప్రదక్షిణం చేయాలి. కొత్త వంతెనకి మూడేళ్ళు వరసగా తీర్మానం పెట్టారు. మూడేళ్ళూ ఓరిన్ లేచి కాదన్నాడు, అతని వెనక వరసలన్నీ కాదన్నాయి. కిందటేడు సభ అయ్యాక డెల్ఫీన్ అతన్ని మెట్ల మీద నిలబెట్టి నలుగురిలో కడిగి పారేసింది. మర్నాడు ఓరిన్ తన వాదనలో ఒక పాయింటు మిగిలిపోయిందని చెప్పడానికి పదకొండు మైళ్ళు తిరిగి ఆమె ఇంటికి వచ్చాడు. కాఫీ తాగాడు. ఆ వారంలోనే ఇంకో పాయింటు గుర్తొచ్చింది. జూన్ వచ్చేసరికి పాయింట్లు అయిపోయాయి గానీ రావడం ఆగలేదు.

జనవరిలో పెళ్ళి. పెళ్ళిళ్ళు జరిపించే అధికారం కూడా ఉన్న ఊరి గుమస్తా లుసిల్ డ్రూయిన్ తన ఆఫీసు తలుపు మూసి తనే జరిపించింది. "ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా?" అని లుసిల్ అడిగితే ఓరిన్ గొంతు సవరించుకుని "అభ్యంతరం లేదు" అన్నాడు.

"ఔను అనవయ్యా" అంది డెల్ఫీన్.

"అభ్యంతరం లేదంటే ఔననేగా."

"చట్టానికి సరిపోతుందిలే" అని లుసిల్ ముద్ర కొట్టేసింది. చట్టానికి సరిపోయింది గానీ డెల్ఫీన్‌కి సరిపోలేదు. తొమ్మిది వారాలుగా ఆ మాట చేప ముల్లులా గొంతులో ఉంది. సభ అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని, లేకపోతే వంతెన గురించి తను ఏం మాట్లాడినా స్వార్థమంటారని అతను బతిమాలితే ఒప్పుకుంది. లుసిల్ కూడా ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. అయితే నిన్న సాయంత్రం ఓరిన్ బండి ఎక్కబోతుంటే డెల్ఫీన్ తలుపు పట్టుకుంది.

"వంతెన వస్తే వచ్చింది, పోతే పోయింది. రేపు సభలో అందరి ముందూ నీ నోట ఒక్క ఔను వినాలి నేను. వినేదాకా నా ఇంట్లో నేను, నీ ఇంట్లో నువ్వు. నీ పెట్రోలూ మిగులుతుంది."

ఓరిన్ గడ్డం గోక్కుని, టోపీ సర్దుకుని, బండి ఎక్కి వెళ్ళిపోయాడు. కాదని మాత్రం అనలేదు. దాన్నే పట్టుకుని ఆమె ఇవాళ వచ్చింది.

హాలు నిండిపోయింది. తడి బూట్ల వాసన, కాఫీ వాసన, అల్లిక సూదుల చప్పుడు. ఓరిన్ తన కుర్చీలో ఉన్నాడు, పక్కన అతని పాత నేస్తం మెర్ల్ కాస్‌వెల్. డెల్ఫీన్ హాలుకి రెండో కొసన వంటింటి తలుపు దగ్గర కూర్చుంది. ఊళ్ళో వాళ్ళ లెక్క ప్రకారం ఆ ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది కాబట్టి ఎవరికీ వింతగా లేదు.

అధ్యక్షుడు ఆల్డెన్ పైక్ సుత్తితో బల్ల మీద కొట్టాడు. "ఆనవాయితీ ప్రకారం మొదట పందుల అధికారి ఎన్నిక."

పూర్వం తప్పించుకున్న పందులు చేలల్లో పడకుండా పట్టుకోవడానికి పెట్టిన ఉద్యోగం అది. ఇప్పుడు ఊళ్ళో వదిలేసిన పంది ఒక్కటీ లేదు. అయినా ఏటా ఆ ఏడు కొత్తగా పెళ్ళయిన జంటనే ఆ ఉద్యోగానికి ఎన్నుకుని, వాళ్ళ ముఖాలు ఎర్రబడుతుంటే చూసి ఆనందించడం టార్బెల్ వాళ్ళకి పండగ. డెల్ఫీన్ కూడా పాతికేళ్ళుగా చప్పట్లు కొడుతూనే ఉంది. ఆ ఆనవాయితీ తన మెడకి చుట్టుకుంటుందన్న ఊహ మాత్రం ఆమెకి రాలేదు. ఓరిన్‌కీ రాలేదు.

"ఈ ఏడు పెళ్ళిళ్ళే కాలేదుగా" అన్నారెవరో. "డెన్‌బీ వాళ్ళ అబ్బాయి పక్క రాష్ట్రం మెయిన్‌కి పోయి చేసుకున్నాడు."

లుసిల్ లేచి నిలబడింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఒక పెళ్ళయింది. జనవరి ఆరున. నేను వరుడు ఓరిన్ వీలాక్ పేరూ, వధువు డెల్ఫీన్ తిబో పేరూ ప్రతిపాదిస్తున్నాను."

ఒక్క సూది చప్పుడు కూడా లేదు. ఆ తర్వాత హాలు కప్పు లేచిపోయింది.

"లుసిల్! ఎవరికీ చెప్పనన్నావు!" అని డెల్ఫీన్ అరిచింది.

"చెప్పలేదమ్మా, ప్రతిపాదించాను. అది నా ఉద్యోగం" అంది లుసిల్ కూర్చుంటూ.

మెర్ల్ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "ఒరేయ్ ఓరినూ! నా పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ పెళ్ళి చేసుకుంటావురా? కేకు కొనాల్సొస్తుందనేగా చెప్పలేదు?"

"కేకు ఎందుకు" అన్నాడు ఓరిన్. చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి.

"డెల్ఫీన్ పిన్నీ, నిన్ను బలవంతం చేశాడా? చెప్పు, మేమున్నాం!" అని ముందు వరస నుంచి ఒక పిల్ల కేకేసింది. ఒకప్పుడు రోజూ ఆమె బస్సులో వెనక సీటులో గోల చేసిన పిల్లే. ఇప్పుడు ఆ పిల్లకే ఇద్దరు పిల్లలు.

డెల్ఫీన్ లేచింది. నలభై మంది పిల్లల్ని అద్దంలో చూసి అదిలించే గొంతుతో "అందరూ కూర్చోండి!" అంది. ముప్పై ఏళ్ళలోపు వాళ్ళంతా ఠక్కున కూర్చున్నారు. కొందరు సీటు బెల్టు కోసం తడుముకున్నారు కూడా. ఆమె ఇంకేదో గంభీరంగా చెప్పబోయింది గానీ నవ్వు ఆగలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కారేదాకా నవ్వింది. దాచిపెట్టిన సంతోషం తొమ్మిది వారాలకి ఒక్కసారిగా బయటపడింది. ఇద్దరినీ పందుల అధికారులుగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఎవరో చీపురుకట్ట తెచ్చి ఓరిన్ చేతికిచ్చారు. అతను దాన్ని తుపాకీలా భుజానికి ఆనించుకుని కూర్చున్నాడు.

భోజనాలకి ముందే వంతెన తీర్మానం వచ్చింది. నాలుగు లక్షల ఇరవై వేల డాలర్లు. హాలు సద్దుమణిగింది. అందరి తలలూ వెనక నుంచి మూడో వరసకి తిరిగాయి. డెల్ఫీన్ స్వెట్టరు మీద నుంచే ఉంగరాన్ని గుప్పిట పట్టుకుంది. ఆమె ఒళ్ళంతా చెవులే.

"ఇంకేముంది, పెళ్ళాం అవతలుంది, ఇవాళ ఔనంటాడు" అన్నాడు ఒకడు.

"ఓరినా? కట్టుకున్నదాని కోసం నాలుగు లక్షలా? నాలుగు డాలర్లు కూడా తీయడు" అన్నాడు ఇంకొకడు.

ఓరిన్ లేచాడు. చీపురు ఇంకా చేతిలోనే ఉంది.

"అధ్యక్షా, ముందు ఒక అబద్ధం ఒప్పుకోవాలి. చెట్లు వంటచెరకు కోసం కొట్టానన్నాను."

"నేననుకున్నా!" అన్నాడు మెర్ల్. "ఒక్క దుంగ కూడా పొయ్యిలో పెట్టలేదు. అన్నీ కోయించి కొట్టంలో పేర్చాడు. అడిగితే ఆరబెడుతున్నా అంటాడు."

"మెర్ల్, నీ వంతు వచ్చినప్పుడు మాట్లాడు" అన్నాడు ఆల్డెన్.

"ఆ చెట్ల అవతల, వాగు అవతల ఒక వంటింటి కిటికీ ఉంది" అన్నాడు ఓరిన్. అతను ఎవరినీ చూడటం లేదు, చీపురుతో మాట్లాడుతున్నాడు. "పొద్దున అయిదింటికి అందులో దీపం వెలుగుతుంది. బస్సు తీసే ముందు కాఫీ పెట్టుకుంటుంది. దీపం వెలిగితే మనిషి బాగున్నట్టు. అది చూడటానికి నాకు ఆ చెట్లు అడ్డం. అందుకని కొట్టాను. కొడితే దాని వెనక కొండ కూడా కనబడింది. నాకు కొండ అక్కర్లేదయ్యా, కిటికీ ఒక్కటి చాలు అని పన్ను అధికారికి చెప్పాను. అలా విడిగా వేయడం కుదరదన్నాడు. మొత్తం కలిపి వేశాడు."

హాలు ఘొల్లుమంది. డెల్ఫీన్ మాత్రం నవ్వలేదు. అక్టోబరు నుంచి ప్రతి పొద్దునా ఆ కిటికీ దగ్గర తను ఎలా నిలబడిందో గుర్తొచ్చింది. చిరుగుల చొక్కా, జుట్టుకి చుట్టిన గొట్టాలు, చేతిలో గరిట, నోట్లో సరిగ్గా పలకని పాట. ఈ మహానుభావుడు దానికి పన్ను కట్టి మరీ చూశాడు! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, లేచి గంతులెయ్యాలనీ అనిపించింది. ఆమెకి ఇంత సంతోషం పట్టేంత చోటు తనలో ఉందని ఇన్నాళ్ళూ తెలియదు.

"ఏడాదికి ఎనిమిది వందల డాలర్లు ఎక్కువ కడుతున్నాను" అన్నాడు ఓరిన్. "అంత కట్టి ఊరికే చూస్తూ కూర్చోవడం దండగ. నడిచి వెళ్ళగలగాలి. అలాగని నాలుగు లక్షలా? నా ప్రాణం పోయినా ఇవ్వను, మిమ్మల్ని ఇవ్వనివ్వను. బండ్లకి వద్దు. ఇనప దూలాలు మనుషుల బరువు మోయగలవని ఆ ఇంజనీరు ఉత్తరంలోనే ఉంది, రెండో పేజీలో. ఎవరూ అంతదూరం చదవరు. పలకలు నా దగ్గరున్నాయి. ఇరవై రెండు చెట్ల పలకలు. ఉచితం." ఆ మాట పలకడానికి అతనికి కొంచెం కష్టమైంది. "మేకులకీ, చేతికమ్మీలకీ ఆరు వేలు పెడితే చాలు. పని మెర్ల్ చేస్తాడు."

"నేనెప్పుడన్నాను?"

"కేకు పెడతాను."

"అయితే చేస్తా."

"బస్సు నా కొట్టం ముందు ఆగుతుంది. పిల్లల్ని ఆమె చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తుంది. పదకొండు మైళ్ళ పెట్రోలు రోజూ ఊరికి మిగులుతుంది. నాలుగు లక్షలు కొట్టేసి ఆరు వేలని సవరించమని కోరుతున్నాను." ఓరిన్ కూర్చున్నాడు.

వెనక వరసల్లో గుసగుసలు. ఓరిన్ ఖర్చు పెట్టమంటున్నాడు, కానీ తక్కువ ఖర్చు పెట్టమంటున్నాడు. అతని వెనక ఓటేసేవాళ్ళకి ఇలాంటి చిక్కు ఎప్పుడూ రాలేదు. డెల్ఫీన్‌కి వేరే చిక్కు. ఇంత మాట్లాడాడు, ఊరంతటి ముందూ గుండె తీసి బల్ల మీద పెట్టాడు, కానీ ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడా అనలేదు. పోనీలే, ఇంతకంటే ఏం కావాలి అని ఒక మనసు అంది. అనాల్సిందే అని ఇంకో మనసు మొండికేసింది.

"సవరించిన తీర్మానం ఓటుకి పెడుతున్నాను" అన్నాడు ఆల్డెన్. "అనుకూలమైనవాళ్ళు ఔననండి."

"ఔను!" అని హాలు దద్దరిల్లింది. డెల్ఫీన్ మాత్రం అనలేదు, ఓరిన్ నోటినే చూస్తోంది. అది మూసే ఉంది. పెదవి కదల్లేదు. నిటారుగా, చీపురు పట్టుకుని, ముప్పై ఒక్కేళ్ళుగా ఆ క్షణంలో ఎలా కూర్చుంటాడో అలాగే కూర్చున్నాడు. ఆమె చూపు దించుకుని, ఒళ్ళో చేతుల్ని చూసుకుంది. కళ్ళు చెమర్చాయి.

"కాదనేవాళ్ళు?" అన్నాడు ఆల్డెన్.

ఆవిరి గొట్టం బుస్సుమంది. ఎవరూ పలకలేదు. అప్పుడు కుర్చీ వెనక్కి పడేంత విసురుగా ఓరిన్ వీలాక్ లేచి, గొంతు చించుకుని అరిచాడు.

"ఔను!"

అందరూ అతని వైపు తిరిగారు. ఆల్డెన్ సుత్తి గాలిలో ఆగిపోయింది.

"ఓరిన్, ఇది కాదనేవాళ్ళ వంతయ్యా."

"నా వంతు ఎప్పుడూ ఇదేగా" అన్నాడు ఓరిన్ అయోమయంగా చుట్టూ చూసి. "ఇది వచ్చేదాకా ఆగాను. ముప్పై ఒక్కేళ్ళుగా మొదటి వంతులో నేనెప్పుడైనా నోరు విప్పానా?"

ఆ తర్వాత హాల్లో ఏం జరిగిందో సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు లేరు. మెర్ల్ కుర్చీ మీద నుంచి పడ్డాడన్నది మాత్రం నిజం. ఆల్డెన్ నవ్వుతూ సుత్తితో తన వేలి మీదే కొట్టుకున్నాడు. డెల్ఫీన్ వంటింటి తలుపు దగ్గర నుంచి అందరి మోకాళ్ళూ తొక్కుకుంటూ, ఎవరికీ క్షమాపణ చెప్పకుండా, వెనక నుంచి మూడో వరసకి వచ్చింది. వస్తూనే దారం తెంపి ఉంగరం వేలికి పెట్టుకుంది.

సభ పుస్తకం ముందు పెట్టుకుని లుసిల్ కలం ఆపింది. "ఓరిన్, వంతులో పడని ఔను ఇది. దీన్ని వంతెన కింద రాయనా, జనవరిలో మిగిలిపోయిన దాని కింద రాయనా?"

ఓరిన్ పెళ్ళాం మొహం చూశాడు. చీపురు మెర్ల్‌కి ఇచ్చాడు.

"రెండింటికీ ఒకటే రాయి లుసిల్" అన్నాడు. "కాగితం కలిసొస్తుంది."